తిక్కన సోమయాజి: రచనావిరామము, హరిహరనాథ దర్శనము

ఆంధ్ర మహాభారతము ఒక శరద్రాత్రి వర్ణన దగ్గర ఆగిపోయింది. 11వ శతాబ్ది మధ్యభాగమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టారకుడు ఆది సభాపర్వములను ముగించి, ఆరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము 142వ పద్యము వరకు నడిపిన రచన అక్కడినుండి సాగలేదు. అటుపిమ్మట ఇంచుమించు రెండు శతాబ్దులు గడిచినవి. ఆ నడుమ తెలుగు కవులు ఊరకున్నారని చెప్పరాదు. శివకవులు ద్విపదను, శతకమును, పురాణమును కొత్త దారులు తొక్కించినారు. అయినను, నన్నయ విడిచిన భారతమును చేపట్టి తుదిముట్ట నడిపినవాడు మాత్రము 13వ శతాబ్ది వరకు కనిపించడు. ఆ పనికి పూనుకొన్న తిక్కన సోమయాజి, అంతకు పూర్వమే తన కావ్యమును తానే చివరి ఆశ్వాసము లేకుండ విడిచిపెట్టినవాడు. ఒక కావ్యమును ముగింపలేకపోయిన కవి పదునైదు పర్వములను ముగింపగలుగుట ఎట్లు సంభవించినదను ప్రశ్న ఆయన జీవితచరిత్రమును చదువువారికి ఎదురుకాక తప్పదు. ఆయన జీవితమును గురించి లభించుచున్న ఆధారములు స్వల్పములే. నిర్వచనోత్తర రామాయణ, విరాటపర్వ అవతారికలు, శిష్యుడైన కేతన దశకుమారచరిత్రమున చెప్పిన మాటలు, తరువాతి శతాబ్దుల కథాకావ్యములు, చాటువులు, జనశ్రుతి. వీనిలో మొదటి మూడింటికి ఉన్న ప్రామాణ్యము తక్కినవానికి లేదు. కాని ఈ ప్రశ్న విషయమున జనశ్రుతి సయితము తోసివేయదగినది కాదు.

తిక్కన కొట్టరువువారి వంశమున పుట్టినాడు. గౌతమ గోత్రుడు, ఆపస్తంబ సూత్రుడు. పితామహుడు మంత్రి భాస్కరుడు గుంటూరి విభుడుగా ప్రసిద్ధి పొందినవాడు, కవి. భాస్కరుని కుమారులలో కొమ్మన తిక్కనకు తండ్రి. తల్లి అన్నమాంబ. మరియొక కుమారుడు సిద్ధన. ఈ సిద్ధన కుమారుడే ఖడ్గ తిక్కన. ఒకే పేరుగల ఈ అన్నదమ్ములలో ఒకడు కత్తితోను మరియొకడు కవితతోను పేరు మోసినారు. గుంటూరునుండి కుటుంబము నెల్లూరికి చేరినది. ఆ పట్టణమునకు ఆనాటి నామము విక్రమసింహపురి. అక్కడ తెలుగు చోడవంశజుడైన మనుమసిద్ధి పాలించుచుండగా తిక్కన ఆయనకు మంత్రిగాను ఆస్థానకవిగాను ఉన్నాడు.

పితామహుని కీర్తి తిక్కనకు ఆసరాయు అయినది, బరువును అయినది. నిర్వచనోత్తర రామాయణావతారికలో ఆయన తన కవిత్వమును గురించి చెప్పుకొన్న తీరు గమనింపదగినది. భాస్కరమంత్రిని తలచుకొనియైనను పెద్దలు మనుమని కవిత్వమును ఆదరింతురనియు, అందు గుణమున్నచో వేరుగ చెప్పవలసిన పని లేదనియు ఆయన భావము. వినయముగానే పలికినను, ఆ మాటలలో తన పేరున ఇంకను నిలువని ఒక యువకవి జంకు ధ్వనించుచున్నది. కేతన కాలమునకు ఈ స్థితి మారినది. మనుమభూవిభుని సభలో తెలుగునను సంస్కృతమునను చతురుడై తిక్కన ఉభయకవిమిత్రుడను పేరు వహించినాడని కేతన కీర్తించినాడు. ఆ బిరుదునకు రెండు భాషల కవులకు మిత్రుడని అర్థము చెప్పుట సంప్రదాయము. శైవ వైష్ణవ కవులిరువురకు మిత్రుడని చెప్పినవారును లేకపోలేదు. కేతన మాటలలోనే రెండు భాషల ప్రసక్తి ఉండుటచేత మొదటి అర్థమే సమంజసము.

తొలి కావ్యము పుట్టుకకు కారణము రాజు కోరిక. మనుమసిద్ధి తిక్కనను మామ అని పిలిచెడివాడు. ఆ పిలుపునకు తగినట్లు భారతీకన్యకను తనకు ఇమ్మని రాజు చమత్కారముగా అడిగినాడనియు, అందుచేత రామకథను ఆయనకు అంకితము చేయుచున్నాననియు తిక్కన చెప్పినాడు. మంత్రికిని రాజునకును గల చనువు ఇందు చక్కగా తెలియుచున్నది. కాని ఈ చమత్కారములోనే కావ్యమునకు ఒక కట్టుబాటు కూడ ఏర్పడినది. కన్యక ఒక ఇంటికి ఇవ్వబడినది. ఆ ఇంటికి శుభము కానిది ఆమె వెంట పోరాదు.

రెండవ కట్టుబాటు కవి తనకు తాను విధించుకొన్నది. నన్నయ ఏర్పరచిన మార్గము చంపువు, అనగా పద్యమును గద్యమును కలిసి నడచునది. తిక్కన గద్యమును పూర్తిగా పరిహరించి కేవలము పద్యములతో ఉత్తరకాండను చెప్పదలచినాడు. అందుచేతనే అది నిర్వచనోత్తర రామాయణము. వచనము లేకుండ వర్ణనలు చేయుట ప్రౌఢులకు కొంత సాధ్యమే కాని, కథాభాగమును పద్యములలోనే పొందికగా అతుకుట కష్టమని ఆయనయే అవతారికలో ఒప్పుకొన్నాడు. కష్టమని తెలిసి దానినే కోరుట యౌవన లక్షణము. ఆ కావ్యమును చదువునప్పుడు శ్రమ కనిపించని చోట్లు ఎన్నో కలవు. కాని ఒక సంఘటననుండి మరియొక సంఘటనకు పోవలసిన తావులలో, ఇతరులైతే రెండు పంక్తుల వచనముతో దాటిపోవు చోట, ఆయన పద్యమును వంచి పని చేయించుకొనవలసి వచ్చినది. కథ చెప్పువానికి వచనము విశ్రాంతిస్థానము. దానిని తిక్కన తొలి యత్నమున తానే మూసివేసికొన్నాడు.

ఈ కావ్యము పది ఆశ్వాసములతో ఆగినది. ఉత్తరకాండ చివర రావలసిన రామనిర్యాణము ఇందు లేదు. రావణుని పుట్టుపూర్వోత్తరములను, సీతాపరిత్యాగమును చెప్పిన కవి రాముడు అవతారము చాలించిన ఘట్టమును మాత్రము ముట్టలేదు. ఇందుకు విమర్శకులు చెప్పిన కారణములు పలువిధములు. రామభక్తిచేత ఆ ఘట్టమును చెప్పుటకు మనసొప్పలేదని కొందరు. నరుడైన రాజునకు అంకితమిచ్చు కావ్యము నాయకుని మరణముతో ముగియుట అమంగళమని మానినాడని కొందరు. భారతరచనాసంకల్పము కలుగుటచేత దీనిని అంతటితో విడిచినాడని మరికొందరు. మూడవ కారణము కాలక్రమమునకు పొసగునదే కాని, పది ఆశ్వాసములు వ్రాసినవాడు పదునొకండవదానిని ముగింపకుండుటకు అది చాలదు. మిగిలినది ఒక్క ఆశ్వాసమే. మొదటి రెండు కారణములు వేరుగా కనిపించినను ఒకే మూలమునుండి పుట్టినవి. మనుమసిద్ధి కృతిపతిగా ఎదుట కూర్చుండి వినుచున్నాడు. ప్రతి ఆశ్వాసము తుదిమొదళ్లలోను ఆయన సంబోధన రావలెను. సరయూ ప్రవేశమును వర్ణించిన వెనుక ఆ రాజునే సంబోధించి జయము పలుకవలసి వచ్చును. ప్రతిభాలోపమే కారణమైనచో ముందరి ఆశ్వాసములలోను ఆ నీరసము కానరావలెను, అది కానరాదు. చెప్పవలసిన మాటకును వినువానికిని పొత్తు కుదరకపోవుటచేత రచన ఆగినదని చెప్పుట సమంజసముగా ఉన్నది.

అటుతరువాత కొంతకాలము తిక్కన చరిత్ర రాజకార్యముల చరిత్ర. మనుమసిద్ధి రాజ్యమును అక్కన బయ్యనలు అపహరింపగా, తిక్కన ఓరుగంటికి పోయి కాకతి గణపతిదేవుని సాహాయ్యము అర్థించినాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్రమును, కూచిమంచి జగ్గకవి సోమదేవరాజీయమును చెప్పుచున్నవి. ఆ కథలలో తిక్కన గణపతిదేవుని సభలో భారతమును వినిపించినాడు, పరమతవాదులను వాదమున గెలిచినాడు, రాజు ప్రసన్నుడై సేనతో దండెత్తి నెల్లూరిని తిరిగి మనుమసిద్ధికి ఇప్పించినాడు. ఇవి తిక్కనకు చాల తరువాత పుట్టిన కావ్యములు. వాదములను గూర్చిన వివరములన్నింటిని చరిత్రముగా గ్రహింపరాదు. అయినను కాకతీయ సాహాయ్యముతో మనుమసిద్ధి నిలదొక్కుకొన్నాడనుటను చరిత్రకారులు అంగీకరించినారు. ఈ కథలో మరియొక విశేషమున్నది. తెలుగున భారతము ఇంకను వ్రాయని రోజులలో తిక్కన ఓరుగల్లున భారతమును చెప్పినాడని దీని తాత్పర్యము. అనగా వ్యాసుని గ్రంథము ఆయన నోట ఆడుచుండెను. సభలో నిలిచి, అర్థించు పనిమీద వచ్చిన మంత్రిగా, రాజ్యము కోలుపోయినవారి కథను రాజ్యమున్న వానికి చెప్పుచుండెను. ఉద్యోగపర్వమున రాయబారపు సన్నివేశములకు ఆయన ఇచ్చిన ప్రాణము పుస్తకమునుండి మాత్రము వచ్చినది కాదు.

కాటమరాజుతో జరిగిన పోరు మరియొకటి. పశువుల మేతకు చెల్లింపవలసిన పుల్లరి విషయమున పుట్టిన ఈ కలహమున ఖడ్గ తిక్కన మనుమసిద్ధి పక్షమున పోరాడి మరణించినాడు. మొదట యుద్ధమునుండి తిరిగివచ్చిన అతనిని ఇంటి స్త్రీలు ఎత్తిపొడిచినారనియు, ఆ మాటలు తాళలేక మరల పోయి ప్రాణములిచ్చినాడనియు చాటుపద్యములు చెప్పుచున్నవి. యుద్ధమునకు వెనుదీసిన ఉత్తరుడు మరల రథమెక్కి పోవు కథను విరాటపర్వమున అంత ఇంపుగా చెప్పిన కవి ఇంట ఇట్టి సంఘటన జరిగినదని సంప్రదాయము. రెండింటిని ముడిపెట్టుటకు ఆధారము లేదు. అయినను పాఠకుని మనసు అటు పోకుండ ఆపుట కష్టము.

భారతమునకు వచ్చునప్పుడు మొదట తేల్చవలసినది ఆరణ్యపర్వశేషము సంగతి. తిక్కన నాలుగవదియైన విరాటపర్వముతో ప్రారంభించినాడు. నన్నయ ఆగిన చోటు అశుభమైనదనియు, అక్కడ చేయిపెట్టినవానికి కీడు కలుగుననియు, అందుచేతనే తిక్కన దానిని దాటిపోయినాడనియు లోకమున ఒక కథ కలదు. నన్నయకు చిత్తచాంచల్యము కలిగినదనియు, అథర్వణాచార్యుని భారతమును ఆయన తగులబెట్టించిన పాపమే అందులకు కారణమనియు దానికి మరియొక కథ తోడైనది. నన్నయ వంటి ప్రశాంతచిత్తుని కవిత్వము చదివినవారెవరును ఈ అపవాదమును నమ్మరు. ఆ చివరి పద్యములలో శరత్కాలపు వెన్నెల ఎంత నిర్మలముగా ఉన్నదో, కవి మనసును అంత నిర్మలముగానే ఉన్నది. ఆగుటకు మరణమో, రాజ్యమున కలిగిన మార్పో కారణము కావచ్చును.

తిక్కన అవతారికలో చెప్పిన మాట ఈ కథలకు అనుకూలముగా లేదు. ఆది మొదలు మూడు కృతులను నన్నయభట్టు రచించినాడని ఆయన స్పష్టముగా చెప్పినాడు. మూడవది సగముననే నిలిచినదని చెప్పలేదు. దీనిని బట్టి తిక్కన కాలమునకు ఆరణ్యపర్వము సమగ్రముగానే ఉండెననియు, తరువాత శిథిలమైనదనియు ఊహించిన పండితులు కలరు. పూర్వకవిపై గౌరవముచేత లోపమును చెప్పక సంఖ్యను మాత్రము చెప్పినాడని మరికొందరి సమాధానము. ఈ రెండవ సమాధానమున తిక్కన స్వభావమునకు తగిన ఔచిత్యమున్నది. కాని ఏది నిజమైనను ఒకటి మాత్రము సత్యము. విరాటపర్వమును ఎన్నుకొనుటకు ఆయన చెప్పిన హేతువు భయము కాదు, ప్రీతి. అది హృదయమునకు ఆహ్లాదమిచ్చునదనియు, బలమైన కథ కలదనియు, నానారసములకు నెలవైనదనియు ఆయన చెప్పినాడు. ఇతరులు విడిచిన అతుకు దగ్గర కూర్చుండి మొదటి వాక్యమునకై వెదకుకొనుటకంటె, తన మనసు రంజిల్లు చోట మొదలుపెట్టుట మేలని గ్రహించినవాని మాట ఇది. తొలి కావ్యమున కష్టమైనదానిని కోరినవాడు ఈసారి ఇష్టమైనదానిని కోరినాడు.

అయినను కృతిపతి ఎవరను ప్రశ్న తీరలేదు. ఉత్తర రామాయణము ఆగినది అక్కడనే. విరాటపర్వావతారికలోని స్వప్నవృత్తాంతము ఆ ప్రశ్నకు సమాధానము. అవతారికలలో స్వప్నములు తరువాతి కవులకు ఆచారమైపోయినవి. దేవుడో రాజో కలలో కనిపించి కావ్యమడుగుట ప్రబంధములలో ఒక లాంఛనము. ఆ అలవాటుతో తిక్కన స్వప్నమును చదువరాదు. ఇందు మొదట కనిపించినది దేవుడు కాదు, తండ్రి కొమ్మన. భారతమును రచింపవలెనను తలపుతో ఉన్న కవికి కలలో తండ్రి సాక్షాత్కరించినాడు. కొడుకు మొక్కినాడు, తండ్రి ఆదరించినాడు. హరిహరనాథుడు నీయెడ ప్రసన్నుడైనాడని చెప్పి, అందుకు కారణముగా తండ్రి జ్ఞప్తికి తెచ్చినది కొడుకు పూర్వము సంస్కృతమున చెప్పిన ఒక శ్లోకము. ఎముకల పేరు, కౌస్తుభము, ఈ రెండింటిలో నీకు ఏ అలంకారము ఇష్టము, కాలకూటము రుచియా, యశోద స్తన్యము రుచియా అని స్వామినే చనువుగా ప్రశ్నించు శ్లోకమది.

ఈ అంశమునకు చరిత్రకారులు ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు. పెద్ద పనికి పూనుకొని మార్గము తోచక ఉన్నవానికి బయటినుండి కొత్త మాట ఏదియు రాలేదు. తాను ఎప్పుడో చెప్పి పక్కన పెట్టిన చిన్న శ్లోకమును తండ్రి తీసి చూపినాడు. నీకు కావలసినది నీయొద్దనే ఉన్నదని దాని తాత్పర్యము. ఆ శ్లోకమునందు హరియును హరుడును వేరుకారు. ఒకే దైవమును రెండు కథలతో పలుకరించుట మాత్రమే ఉన్నది. శైవులును వైష్ణవులును ఒకరినొకరు దూషించుకొనుచుండిన ఆ కాలమున తిక్కన మనసులో ఈ అభేదము అప్పటికే కుదురుకొన్నది. దానికి కావ్యమున చోటు కల్పింపబడుట మాత్రము మిగిలియున్నది. తండ్రి మాటల వెనుక హరిహరనాథుడు స్వయముగా ప్రత్యక్షమై, వ్యాసుని భారతమును తెలుగున రచింపబూనుట ఒప్పిదమని మెచ్చి, దానిని తనకు అంకితము చేయుటకు అనుగ్రహించినాడు. కవి మేల్కాంచి, సంతోషముతో షష్ఠ్యంతములకు ఉపక్రమించినాడు.

దీని ఫలితములు రచనలో వెంటనే కనిపించును. కృతిపతి ఇప్పుడు జననమరణములు లేనివాడు. యుద్ధమును, వంశనాశనమును, శ్రీకృష్ణుని అవతారసమాప్తిని, ధర్మరాజాదుల మహాప్రస్థానమును ఆయన ఎదుట నిస్సంకోచముగా చెప్పవచ్చును. రూపమున సయితము సడలింపు వచ్చినది. నిర్వచన ప్రతిజ్ఞ పోయినది. నన్నయ నడిపిన చంపూమార్గమున, గద్యపద్యములను యథోచితముగా వాడుకొన్నాడు. వచనము తిరిగి వచ్చుటతో పద్యమునకు భారము తగ్గి, పాత్రల సంభాషణకు వీలు కలిగినది. తిక్కన పద్యమున పాత్రలు మాటలాడునప్పుడు సగము చెప్పి ఆగుట, ఎదుటివాని మొగము చూచి మాట మార్చుట, కోపమును నవ్వుతో కప్పిపుచ్చుట మొదలగునవి కనిపించుట అందరెరిగినదే. ఇది నిర్వచనోత్తర రామాయణమున అంకురముగా ఉన్నది, భారతమున వృక్షమైనది. విరాటపర్వపు ఆశ్వాసాంత గద్యలలో ఆయన సోమయాజి. యజ్ఞము నిర్వహించిన వెనుకనే భారతరచనకు కూర్చున్నాడని సంప్రదాయము.

రచన ఎక్కడ సాగినదను విషయమున నెల్లూరి జనశ్రుతి పెన్నా తీరమును, రంగనాథస్వామి ఆలయ పరిసరమును చూపుచున్నది. పాటూరు పేరును వినిపించుచున్నది. అన్నింటికంటె ప్రసిద్ధమైన కథ గురునాథునిది. ఇతడు కుమ్మరి కులమున పుట్టిన లేఖకుడు. కవి ఆగకుండ చెప్పవలెను, లేఖకుడు ఆగకుండ వ్రాయవలెను అని ఇరువురకు ఒడంబడిక. ఆగినచో కవి నాలుక కోసికొనవలెను, వ్రాయువాడు చేయి నరుకుకొనవలెనని పంతము. వ్యాసునకును వినాయకునకును జరిగినట్లు చెప్పబడు ఒడంబడికకు ఇది తెలుగు రూపము. కాని అందు లేని శిక్ష ఇందు చేరినది. గంటము తాటాకుపై గీచుచున్నంతసేపు నోరు ఆగరాదు. పర్వములు గడిచినవి. విరాటోద్యోగములు, భీష్మద్రోణకర్ణ పర్వములు ముగిసినవి. శల్యపర్వమున పదునొకండు అక్షౌహిణుల సేన నశించినది. సంజయుడు ధృతరాష్ట్రునకు చెప్పుచున్నాడు. కొద్దిపాటిగా మిగిలిన మూకలో నిలువలేక దుర్యోధనుడు గుర్రము దిగి, గదను భుజమున పెట్టుకొని, ఒంటరిగా తొలగి పోవుచున్నాడు. అక్కడ కవికి మాట తోచలేదు.

పద్యము తుదిపాదమున కొంతభాగము మిగిలియున్నది. గంటము ఎదురుచూచుచున్నది. ఇంక ఏమి చెప్పుదునని తిక్కన లేఖకుని పేరుపెట్టి వాపోయినాడు. నాలుక కోసికొనుటకు సిద్ధపడినాడు. గురునాథుడు మాత్రము గంటము ఆపలేదు. కవి వాపోయిన మాటలనే పద్యమున వ్రాసికొన్నాడు. చూడగా పద్యము ఛందోభంగము లేకుండ పూర్తియైనది. ద్రుతాంతమైన క్రియకు పరముగా నున్న కురునాథ శబ్దపు మొదటి కకారము సరళాదేశముచేత గకారమగును. అందుచేత లేఖకుని పిలిచిన పిలుపే సంజయుడు కౌరవనాథుడైన ధృతరాష్ట్రుని పిలిచిన పిలుపైనది. ఏమి చెప్పుదునని కవి పడిన నిస్సహాయత, కన్నకొడుకు దురవస్థను గ్రుడ్డితండ్రికి ఏ నోట చెప్పుదునని సంజయుడు పడిన నిస్సహాయతగా పరిణమించినది.

ఈ కథ చరిత్రము కాదనుటకు యుక్తులు వెదకనక్కరలేదు. భారతమున ధృతరాష్ట్రుని కురునాథ శబ్దముతో సంబోధించుట సహజము, ద్రుతము మీద సరళాదేశము నిత్యవ్యవహారము. పద్యమును చూచిన తరువాత ఎవరో చతురుడు లేఖకుని పేరును దానినుండియే పుట్టించి ఉండవచ్చును. గురునాథుడను లేఖకుడు నిజముగా ఉండి, ఆ పేరుతోనే ఈ చమత్కారము అల్లబడియు ఉండవచ్చును. అయినను ఈ కథ అల్లినవాడు సామాన్యుడు కాడు. మహాకవికి మాట ఆగుట ఎక్కడ సంభవమని ఊహించినాడో చూడవలెను. స్వర్గనరకములను వర్ణించుచోట కాదు, వ్యూహములను లెక్కించుచోట కాదు. గెలుపు ఓటముల సంగతి తీరిపోయి, ఒక రాజు కాలినడకను ఒంటరిగా పోవుచోట. మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడగుటను కన్నులార చూచిన మంత్రికి అక్కడ గొంతు పట్టినదని జనులు ఊహించిరనుకొన్నను తప్పు లేదు. పద్యమును కథతో నిమిత్తము లేకుండ చదివినను అది అక్కడ అట్లే ఉండవలసినదని తోచును. వర్ణన చేయుటకు వీలున్న చోట తిక్కన వర్ణన చేయలేదు. చెప్పలేకపోవుటనే చెప్పినాడు. నేర్పున్న కవి ఎరిగి చేసినను, దిక్కుతోచని కవి ఎరుగక చేసినను, పద్యమున నిలిచినది ఒకటే. గురునాథుని కథను తరగతి గదులలో సంధికి ఉదాహరణగా మాత్రమే చెప్పి విడుచుటవలన ఈ సంగతి మరుగుపడినది.

తక్కిన చోట్ల తిక్కన వేగమునకు మరియొక రహస్యము విడుచుటలో ఉన్నది. మూలమున ఉన్నదంతయు తెలుగున ఉండవలెనని ఆయన భావింపలేదు. భీష్మపర్వమున భగవద్గీతను ఎంతో సంగ్రహించి కొద్ది పద్యములలో ముగించినాడు. దీనిని లోపముగా ఎన్నినవారు కలరు. ఉభయసేనల నడుమ నిలిచిన రథముమీద కథ నడచుచుండగా పదునెనిమిది అధ్యాయముల తత్త్వోపదేశమును యథాతథముగా దింపినచో తన కావ్యమేమగునో ఆయనకు తెలియును. శాంత్యానుశాసనిక పర్వములలో మాత్రము ధర్మోపదేశమును ఓపికతో నడిపినాడు. ఎక్కడ ఆగవలెను, ఎక్కడ దాటవలెనని నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఉత్తర రామాయణ కర్తకు లేదు, భారతకర్తకు ఉన్నది.

ఆ స్వాతంత్ర్యమునకు పరీక్ష మౌసలపర్వమున వచ్చినది. రామనిర్యాణమును ముట్టని కవి ఇక్కడ యాదవుల అన్యోన్య సంహారమును, వ్యాధుని బాణముచేత శ్రీకృష్ణుడు తనువు చాలించుటను చెప్పినాడు. ద్వారకా స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చు అర్జునునకు దారిలో ఆభీరులు అడ్డుపడగా దివ్యాస్త్రములు తలపునకు రాకపోవుట ఆ పర్వపు కథ. జీవితమంతయు చేతనున్న విద్య అవసరమైన నాడు నోటికి రాకపోవుట ఎట్టిదో చెప్పు సన్నివేశములలో దీనికి మించినది మహాభారతమున మరియొకటి లేదు. దానికి తరువాతివి మహాప్రస్థానిక స్వర్గారోహణ పర్వములు. ద్రౌపదియు తమ్ములును ఒకరి వెనుక ఒకరు పడిపోవుచుండగా ధర్మరాజు వెనుదిరుగక నడచినాడు. కవి సయితము ఎక్కడను వెనుదిరుగలేదు. పదునైదు పర్వములు పూర్తియైనవి. ప్రతిదియు హరిహరనాథునకే అంకితము.

నన్నయ విడిచిన భాగము మాత్రము తిక్కన తరువాతను అట్లే ఉన్నది. దానిని 14వ శతాబ్దిలో అద్దంకి రెడ్డిరాజ్యమునకు చెందిన ఎఱ్ఱాప్రెగడ పూరించినాడు. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియై ఉండియు, ఆ భాగమును తన ప్రభువునకు ఇవ్వక నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునకే ఇచ్చినాడు. నన్నయభట్టు సారస్వతాంశము తనను చెందినదని చెప్పుకొని, ఆయన రీతి కొంత తోచునట్లు, ఆయన రచనయే అనిపించునట్లు ఆరణ్యపర్వశేషమును నడిపినాడు. మూడు వందల ఏండ్ల క్రితము గతించిన రాజును ఎదుట ఉన్నవానివలె సంబోధించుచు వ్రాయుటలో ఆయనకు ఇబ్బంది కలిగినట్లు ఎక్కడను కనిపించదు.

తిక్కన విడిచిన రామనిర్యాణమును జయంతి రామభట్టు పదునొకండవ ఆశ్వాసముగా రచించి నిర్వచనోత్తర రామాయణమునకు చేర్చినాడు.